రొమ్ము క్యాన్సర్ పరిశోధనకు ఏ జన్యుమార్పిడి ఎలుక? పీవైఎంటీ, న్యూ, బ్రాకా-1, ఇంకా మిగిలినవి

పక్క ల్యాబ్‌లో పీవైఎంటీ ఎలుకలు (రొమ్ము క్యాన్సర్ వచ్చేలా జన్యువు మార్చినవి) ఉన్నాయి కాబట్టి మన ప్రాజెక్టు కూడా పీవైఎంటీ మీదే. చాలా చోట్ల ఎలుక ఎంపిక ఇలాగే జరుగుతుంది. ఒక్కోసారి అదే సరైన ఎలుక అవుతుంది కూడా. కాకపోతే ఆ సంగతి తెలిసేది రెండేళ్ల తర్వాత, రివ్యూయర్ రాసిన మూడో వ్యాఖ్యలో. అప్పటికి కొన్ని వందల ఎలుకలు చనిపోయి ఉంటాయి, ఫెలోషిప్ అయిపోవస్తుంటుంది. నేను ఆ బాధ పడ్డాను, అందుకే ఇది రాస్తున్నాను.

ఏ ఎలుక తెప్పించుకోవాలని ఎవరైనా అడిగితే నేను ముందు అడిగేది, మీ పేపర్లో చివరి బొమ్మ ఏమిటి అని. ఊపిరితిత్తుల్లో మచ్చలు లెక్కపెట్టిన గ్రాఫా? మందు ఇచ్చాక కణితి కరిగి మళ్లీ పెరిగిన గ్రాఫా? కణితి పుట్టకముందు పాలగ్రంథిలో ఏం మారిందో చూపే స్లైడా? ఈ మూడింటికీ మూడు వేరు వేరు ఎలుకలు కావాలి. ఒకదానితో ఇంకోదాని పని చేయించబోతే డేటా వస్తుంది, సమాధానం మాత్రం రాదు.

## ముందు తేల్చుకోవాల్సినవి

కణితి రకం. మనుషుల్లో రొమ్ము క్యాన్సర్లలో దాదాపు 70 శాతం ఈస్ట్రోజెన్ రిసెప్టర్ ఉన్నవి, అంటే ఈఆర్ పాజిటివ్. 15 నుంచి 20 శాతంలో హెర్2 (కణాన్ని పెరగమని చెప్పే రిసెప్టర్) ఎక్కువగా ఉంటుంది. ఈఆర్, ప్రొజెస్టెరాన్ రిసెప్టర్, హెర్2 మూడూ లేనివి ట్రిపుల్ నెగటివ్. ఎలుకల్లో లెక్క తలకిందులుగా ఉంటుంది. జన్యుమార్పిడి ఎలుకల్లో వచ్చే కణితులు ఎక్కువ భాగం ఈఆర్ నెగటివ్. ఈ ఒక్క విషయం గుర్తుంటే సగం తప్పులు తప్పుతాయి.

జన్యువు ఏ కణంలో, ఎప్పుడు మారుతోంది. ఇది ప్రమోటర్ (జన్యువును ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్క) నిర్ణయిస్తుంది, కొత్తవాళ్లు తక్కువగా పట్టించుకునేదీ దీన్నే. ఎంఎంటీవీ అనేది ఎలుక పాలగ్రంథి కణితి వైరస్ నుంచి తీసుకున్న ప్రమోటర్. తల్లి పాల ద్వారా పిల్లలకు ఏదో అంటుతోందని 1936లో జాన్ బిట్నర్ చూపించాడే, ఆ వైరస్ అన్నమాట. ప్రొజెస్టెరాన్, గ్లూకోకార్టికాయిడ్ హార్మోన్లు పెరిగితే ఈ ప్రమోటర్ ఇంకా గట్టిగా పనిచేస్తుంది, పైగా లాలాజల గ్రంథిలాంటి చోట్లకూ కొంచెం లీక్ అవుతుంది. మీరు పరీక్షించే మందు హార్మోన్ల జోలికి వెళ్లేదైతే కణితి తగ్గింది మందు వల్లా, ట్రాన్స్‌జీన్ (మనం ఎలుకలో పెట్టిన జన్యువు) మందగించడం వల్లా అన్న అనుమానం వస్తుంది. స్టెరాయిడ్ ఇస్తున్నా అంతే. వాప్ అనే పాల ప్రొటీన్ జన్యువు ప్రమోటర్ పూర్తిగా పనిచేయాలంటే ఎలుక చూడి కట్టి, ఈని, పాలివ్వాలి. కే14 అనే కెరాటిన్ జన్యువు ప్రమోటర్ అయితే చర్మంలో కూడా పనిచేస్తుంది కాబట్టి పాలగ్రంథి కణితి రాకముందే కొన్నింటికి చర్మ కణితులు వస్తాయి.

సమయం, కణితుల సంఖ్య. ఎలుకకు 10 పాలగ్రంథులు, అంటే 5 జతలు. కొన్ని లైన్లలో అన్నింటిలోనూ ఒకేసారి కణితులు లేస్తాయి, కొన్నింటిలో ఒకటీ రెండే. మందు పరీక్ష చేసేవాళ్లకు, ఆపరేషన్ చేసి కణితి తీసేయాల్సినవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది.

రోగనిరోధక వ్యవస్థ. జన్యుమార్పిడి ఎలుకల అసలు బలం ఇది. కణితి సొంత ఒంట్లోనే, చెక్కుచెదరని నిరోధక వ్యవస్థ మధ్య, మొదటి కణం నుంచి పెరుగుతుంది. మనిషి కణితి ముక్కను నాటే, నిరోధక వ్యవస్థ దాదాపు లేని ఎన్‌ఎస్‌జీ ఎలుకలో ఇది దొరకదు.

పెంపకం లెక్క. దీన్ని కాగితం మీద వేయకుండా ఎవరూ ఎలుకలు ఆర్డర్ చేయొద్దు. పీవైఎంటీ మగదాన్ని మామూలు ఆడదానితో కలిపితే పిల్లల్లో సగానికి ట్రాన్స్‌జీన్ ఉంటుంది, వాటిలో సగం ఆడవి, అంటే 4లో 1 మనకు పనికొస్తుంది. ఇప్పుడు దీనికి మీకు నచ్చిన జన్యువు నాకౌట్ (ఆ జన్యువును తీసేసిన ఎలుక) కలిపారనుకోండి. తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ ఆ జన్యువు ఒక కాపీ పోయి ఉంటే, పిల్లల్లో 16కి 1 మాత్రమే పనికొస్తుంది. 20 ఎలుకల గ్రూపు కావాలంటే 320 పిల్లలు. ఈతకు 8 చొప్పున వేసుకున్నా 40 ఈతలు. బోను ఖర్చు, జీనోటైపింగ్ (ఏ పిల్లలో ఏ జన్యువు ఉందో చూసే పరీక్ష) ఖర్చు అలా ఉంచండి, పనికిరాని ఆ 300 పిల్లల సంగతి ఆలోచించండి. ఇది జంతు నైతిక కమిటీ అడిగేదాకా ఆగి చెప్పాల్సిన లెక్క కాదు.

## ఒక చూపులో

| మోడల్ | కణితి వచ్చే సమయం | కణితి తీరు | ఊపిరితిత్తులకు పాకడం | దేనికి బాగుంటుంది | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|---|
| ఎంఎంటీవీ-పీవైఎంటీ | ఎఫ్‌వీబీ అనే స్ట్రెయిన్‌లో (ఎలుకల వంశంలో) 5–8 వారాలు మొదలు | చాలా గ్రంథుల్లో ఒకేసారి. మొదట ఈఆర్ ఉండి తర్వాత పోతుంది | చాలా ఎక్కువ | పాకడం, కణితి చుట్టూ ఉండే కణాలు | మనుషుల్లో లేని ఆంకోజీన్ (కణితి పుట్టించే జన్యువు), మరీ వేగం |
| ఎంఎంటీవీ-న్యూ | సుమారు 7 నెలలు | ఒకటి రెండు చోట్ల; ఈఆర్ నెగటివ్ | వయసు మీద పడ్డాక ఎక్కువ | హెర్2 సిగ్నల్, నివారణ | మనుషుల హెర్2 యాంటీబాడీకి పనికిరాదు |
| సీ3(1)-ట్యాగ్ | సుమారు 4 నెలలు | బేసల్ తరహా (నాళం బయటి పొర కణాలను పోలినవి) | కొంత | ట్రిపుల్ నెగటివ్ తరహా పని, నివారణ | వైరస్ ప్రొటీన్ |
| కే14-క్రీ, బ్రాకా-1, పీ53 | సుమారు 7 నెలలు | ట్రిపుల్ నెగటివ్, బేసల్ తరహా | తక్కువ | పార్ప్ మందులు (డీఎన్‌ఏ మరమ్మతును అడ్డుకునేవి), మందులకు నిరోధకత | పెంపకం కష్టం, చర్మ కణితులు |
| డాక్సీసైక్లిన్ స్విచ్ ఉన్నవి | జన్యువును బట్టి | జన్యువును బట్టి | జన్యువును బట్టి | కరగడం, తిరిగి రావడం | లీకులు, యాంటీబయోటిక్ ప్రభావం |
| స్టాట్1 నాకౌట్ | ఏడాదిన్నర దాటాక | ఈఆర్ పాజిటివ్ | తక్కువ | హార్మోన్ మీద ఆధారపడే కణితి | చాలా నెమ్మది, నిరోధక వ్యవస్థలో లోపం |

ఈ పట్టికలోని వారాలు, నెలలు ఆయా స్ట్రెయిన్లలో ప్రచురించినవి. మీ బోనుల్లో మీ ఎలుకలకు ఎన్ని వారాలో మీరే చూసుకోవాలి. ముందు ఒక చిన్న గుంపును ఏ మందూ ఇవ్వకుండా వదిలి, వారానికి రెండుసార్లు చేత్తో తడిమి రాసుకోండి. తర్వాత చేసే ప్రతి ప్రయోగానికీ ఆ వక్రరేఖే ఆధారం.

## ఎంఎంటీవీ-పీవైఎంటీ: అందరూ వాడేది

1992లో విలియం ముల్లర్ బృందం తయారుచేసిన లైన్ ఇది. పాలియోమా వైరస్‌లోని మిడిల్ టీ అనే ప్రొటీన్‌ను పాలగ్రంథిలో పుట్టిస్తుంది. ఆ ప్రొటీన్ ఒంటరిగానే కణాన్ని పెరగమని చెప్పే సార్క్, పీఐ3 కైనేజ్, రాస్ దారులన్నింటినీ ఒకేసారి తట్టిలేపుతుంది, అందుకే అంత వేగం. ఎఫ్‌వీబీ స్ట్రెయిన్‌లో 14 వారాలు వచ్చేసరికి ఎక్కువ ఎలుకల ఊపిరితిత్తుల్లో కణితులు కనిపిస్తాయి. మామూలు హైపర్‌ప్లేసియా (కణాలు ఎక్కువవడం) నుంచి ముదిరిన కార్సినోమా దాకా నాలుగు దశలు ఒకదాని తర్వాత ఒకటి, ఒక్కోసారి ఒకే ఎలుకలోని వేరు వేరు గ్రంథుల్లో దొరుకుతాయి. మాక్రోఫేజ్‌లు అనే నిరోధక కణాలు కణితికి ఎలా సాయపడతాయన్న దాని మీద ఈరోజు మనకు తెలిసినదాంట్లో పెద్ద భాగం ఈ ఎలుకల నుంచే వచ్చింది.

మరి ఇబ్బంది ఎక్కడ? మనుషుల కణితుల్లో మిడిల్ టీ ఉండదు. అది తట్టే దారులు మనుషుల్లోనూ ఉన్నాయి కాబట్టి పర్లేదు అంటారు, పాకడం గురించి అడిగేటప్పుడు నేనూ ఒప్పుకుంటాను. కానీ కణితి ఎలా మొదలైంది అన్నది మీ ప్రశ్న అయితే ఈ ఎలుక మీకు కాదు. ఇక్కడ మొదలవడం అనే దశ దాదాపు లేదు, గ్రంథి పెరుగుతుండగానే కణితి అయిపోతుంది.

రెండో ఇబ్బంది ఆచరణలో వస్తుంది. 10 గ్రంథుల్లో కణితులు లేస్తే, ఊపిరితిత్తుల్లో ఉన్నవి పెద్దవయ్యేలోపే మొదటి కణితుల పరిమాణం కమిటీ పెట్టిన హద్దు దాటుతుంది, ఎలుకను చంపేసి ప్రయోగం ఆపాల్సి వస్తుంది. ఆపరేషన్ చేసి అన్నీ తీయలేం. దీనికి మంచి ఉపాయం ఉంది. ఒక కణితి ముక్కను అదే స్ట్రెయిన్ మామూలు ఎలుక నాలుగో పాలగ్రంథిలో నాటండి, పెరిగాక తీసేయండి, ఆ తర్వాత ఊపిరితిత్తులను వారాల తరబడి గమనించండి. ఆపరేషన్ తర్వాత రోగిలో జరిగేదానికి ఇది చాలా దగ్గర. ఒక్క జాగ్రత్త: మామూలు ఎలుక ఒంటికి మిడిల్ టీ పరాయి ప్రొటీన్, అది తిరగబడొచ్చు. లూసిఫరేజ్, జీఎఫ్‌పీ లాంటి మెరిసే గుర్తులు పెట్టినా అదే గొడవ.

ఇక స్ట్రెయిన్ విషయం, నేను దెబ్బతిన్నది ఇక్కడే. మా నాకౌట్ ఎలుకలు బ్లాక్ సిక్స్ అనే స్ట్రెయిన్, పీవైఎంటీ వచ్చింది ఎఫ్‌వీబీలో. రెండింటినీ కలిపి వచ్చిన పిల్లలతోనే ప్రయోగం మొదలుపెట్టాం, తొందర ఉంది కాబట్టి. నాకౌట్ ఎలుకల్లో కణితులు వారాల కొద్దీ ఆలస్యంగా వచ్చాయి, ల్యాబ్ అంతా పండగ. తర్వాత తెలిసిందేమిటంటే, బ్లాక్ సిక్స్‌లో పీవైఎంటీ కణితులు రావడానికే ఎఫ్‌వీబీ కంటే దాదాపు రెట్టింపు సమయం పడుతుంది, మా నాకౌట్ గుంపులో బ్లాక్ సిక్స్ వాటా ఎక్కువగా ఉంది. ఒకే ఈతలో పుట్టిన తోబుట్టువులను పక్కపక్కన పెట్టి చూస్తే మా ఆలస్యం చాలావరకు మాయమైంది. తండ్రి అదే పీవైఎంటీ ఎలుక అయినా తల్లి స్ట్రెయిన్ మారితే ఊపిరితిత్తుల్లో కణితుల లెక్క బాగా మారిపోతుందని 1998లోనే ప్రచురించారు. మేం చదవలేదు. ఆ వందల ఎలుకలను తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

కాబట్టి పీవైఎంటీ తీసుకుంటే: స్ట్రెయిన్ ఒకటే ఉంచండి, కంట్రోల్ ఎప్పుడూ అదే ఈత తోబుట్టువు, ట్రాన్స్‌జీన్ ఎప్పుడూ మగదాని వైపు నుంచే. పీవైఎంటీ ఆడ ఎలుక గ్రంథులు పాడై పిల్లలకు సరిగ్గా పాలివ్వలేదు.

## న్యూ ఎలుకలు: హెర్2 అనగానే అందరూ తీసుకునేవి

ఇక్కడ మాట జాగ్రత్తగా వినాలి. న్యూ అంటే ర్యాట్‌లో (మనం వాడే చిట్టెలుక కాదు, పెద్ద ఎలుక జాతి) ఉండే హెర్2. ట్రాస్టుజుమాబ్ అనే యాంటీబాడీ మందు మనుషుల హెర్2నే పట్టుకుంటుంది, ర్యాట్ న్యూను పట్టుకోదు. ఆ యాంటీబాడీనో, దానికి మందు తగిలించిన రూపాన్నో పరీక్షించాలనుకుంటే మనుషుల హెర్2 పెట్టిన ఎలుకే కావాలి. ఈ తప్పు చేయబోయి ఆఖరి నిమిషంలో ఆగినవాళ్లు నాకు తెలుసు. కణంలోపల కైనేజ్‌ను ఆపే చిన్న అణువుల మందులకు ఈ అడ్డు లేదు.

మార్పు లేని న్యూ పెట్టిన లైన్‌లో కణితి రావడానికి సగటున 7 నెలలు పడుతుంది, ఒకటి రెండు చోట్ల వస్తుంది, వయసు మీద పడ్డ ఎలుకల్లో చాలావాటికి ఊపిరితిత్తులకు పాకుతుంది. ఇంత ఆలస్యం ఎందుకంటే, చాలా కణితుల్లో ట్రాన్స్‌జీన్‌లోనే ఒక చిన్న ముక్క ఊడిపోయి న్యూ దానంతట అదే చురుకవుతుంది, ఆ రెండో ఘటన కోసం ఎదురుచూపన్నమాట. మనుషుల్లో మాత్రం హెర్2 జన్యువు కాపీలు పెరగడం వల్ల జబ్బు వస్తుంది. రెండూ ఒకటి కాదు.

ఆ ఏడు నెలలు కొందరికి శాపం, నివారణ మీద పనిచేసేవాళ్లకు వరం. కణితి రాకముందు మందు మొదలుపెట్టి, ఎన్ని ఎలుకల్లో ఎన్ని వారాలు వాయిదా పడిందో చూడటానికి జాగా దొరుకుతుంది. పీవైఎంటీలో ఆ జాగా ఉండదు.

మీ జన్యువును న్యూ కణితి కణాల్లోనే తీసేయాలంటే న్యూ, క్రీ (గుర్తు పెట్టిన జన్యువును కత్తిరించే ఎంజైమ్) రెండూ ఒకే ట్రాన్స్‌జీన్ మీద ఉండే లైన్ ఉంది, దాన్ని ఎన్‌ఐసీ అంటారు. న్యూ పనిచేసే ప్రతి కణంలో క్రీ కూడా ఉంటుంది కాబట్టి, జన్యువు పోని కణాలు తప్పించుకుని కణితి కట్టాయేమో అన్న టెన్షన్ తగ్గుతుంది.

## సీ3(1)-ట్యాగ్

ఎస్‌వీ40 వైరస్ టీ యాంటీజెన్ కణితులను అడ్డుకునే ప్రొటీన్లు పీ53నీ ఆర్‌బీనీ ఒకేసారి మూసేస్తుంది. మనుషుల ట్రిపుల్ నెగటివ్ కణితుల్లో ఈ రెండు దారులూ తరచుగా చెడతాయి కాబట్టి, జన్యు వ్యక్తీకరణ చూస్తే ఈ ఎలుకల కణితులు బేసల్ తరహాకు దగ్గరగా వస్తాయి. మగవాటికి ప్రొస్టేట్ కణితులు వస్తాయి. వేగంగా, తేలిగ్గా పెంచుకునే బేసల్ మోడల్ కావాలంటే ఇది. పీ53 ఒక్కదాని పాత్ర తేల్చాలనుకునేవాళ్లు దీన్ని వదిలేయండి.

## బ్రాకా-1, పీ53 కండిషనల్ ఎలుకలు

మనుషుల్లో బ్రాకా-1 ఒక కాపీ పాడై పుడితే రొమ్ము క్యాన్సర్ ముప్పు బాగా పెరుగుతుంది. ఎలుకల్లో ఒక కాపీ పోతే ఏమీ కాదు, రెండూ పోతే పిల్ల కడుపులోనే చనిపోతుంది. అందుకే కండిషనల్ పద్ధతి వచ్చింది: జన్యువుకు రెండు వైపులా లాక్స్‌పీ గుర్తులు పెట్టి, క్రీ ఎంజైమ్ ఎక్కడ పుడితే అక్కడే జన్యువు కత్తిరించుకుపోయేలా చేయడం. 1999లో మొదటి బ్రాకా-1 కండిషనల్ ఎలుకల్లో కణితులు తక్కువగా, ఆలస్యంగా వచ్చాయి. పీ53 కూడా పోతే వేగం పెరిగింది. 2007లో జాస్ యాంకర్స్ బృందం కే14-క్రీతో రెండు జన్యువులూ తీసేసిన ఎలుకలను ప్రచురించింది. ఆ కణితులు స్లైడ్ మీదా, జన్యు వ్యక్తీకరణలోనూ బ్రాకా-1 రోగుల కణితులను పోలి ఉంటాయి.

నా మటుకు నేను మందుల నిరోధకత మీద పనిచేసేవాళ్లకు మొదట చెప్పేది దీన్నే. 2008లో ఈ కణితులను మామూలు ఎలుకలకు నాటి ఒలాపరిబ్ అనే పార్ప్ మందు ఇచ్చి చూశారు. కణితులు కరిగాయి, ఎక్కువకాలం ఇచ్చినా చివరికి లొంగకుండా పోయాయి, కారణాల్లో ఒకటి మందును కణం బయటికి తోసేసే పీ-గ్లైకోప్రొటీన్ పంపు పెరగడం. తర్వాత 53బీపీ1 అనే ప్రొటీన్ పోవడం వల్ల కూడా నిరోధకత వస్తుందని ఈ ఎలుకల్లోనే కనిపించింది. రోగిలో బయాప్సీల కోసం ఏళ్లు ఎదురుచూడాల్సిన కథ ఇక్కడ నెలల్లో తెలుస్తుంది.

కానీ ఒక గుంట ఉంది, దాన్ని చూసుకోవాలి. రోగుల్లో నిరోధకత వచ్చే ముఖ్యమైన దారుల్లో ఒకటి, పాడైన బ్రాకా జన్యువు రెండో మ్యుటేషన్‌తో తిరిగి పనిలోకి రావడం. ఈ ఎలుకల్లో జన్యువులో పెద్ద ముక్కే లేదు, తిరిగి రావడానికి ఏమీ మిగల్లేదు. కాబట్టి ఆ దారి ఇక్కడ ఎప్పటికీ కనిపించదు. ఒక్క అక్షరం మారిన బ్రాకా-1 ఎలుకలు వేరే ఉన్నాయి. సీ61జీ అనే మార్పు ఉన్నవాటిలో పార్ప్ మందులకు కణితులు అంత బాగా లొంగలేదు, త్వరగా తిరగబడ్డాయి. రోగుల్లో ఎక్కువగా ఉండేవి చిన్న మార్పులే కదా, మీ ప్రశ్న నిరోధకత అయితే రెండు రకాలూ పక్కపక్కన పెట్టుకోవడం మంచిది.

పెంపకం సంగతి కొస్తే, మొదటి నుంచి కట్టుకుంటూ వస్తే నీరసం వస్తుంది. రెండు జన్యువులకూ ఒక్కో లాక్స్‌పీ కాపీ ఉన్న తల్లిదండ్రులు, వారిలో ఒకరికి క్రీ. పిల్లల్లో మనకు కావాల్సింది రెండు జన్యువులకూ రెండేసి కాపీలు, పైన క్రీ, పైన ఆడది. రెండు జన్యువులూ విడివిడిగా పంచుకుంటాయనుకుంటే 64లో 1; ఎలుకల్లో రెండూ ఒకే క్రోమోజోమ్ (11) మీద ఉంటాయి కాబట్టి అసలు లెక్క మారుతుంది. అందుకే ముందుగా లాక్స్‌పీ కాపీలన్నీ రెండేసి ఉన్న జంటలను స్థిరపరచుకోండి, అక్కడి నుంచి 4లో 1 వస్తుంది. తరానికి దాదాపు 3 నెలలు. మొదటి ప్రయోగపు ఎలుక పుట్టేసరికి ఏడాది, దానికి కణితి వచ్చేసరికి ఇంకో 7 నెలలు.

## స్విచ్ ఉన్న ఎలుకలు

తాగే నీళ్లలో డాక్సీసైక్లిన్ మందు ఉంటే జన్యువు పనిచేస్తుంది, ఆపితే ఆగిపోతుంది. లూయిస్ చోడోష్ బృందం ఈ పద్ధతిలో న్యూను ఆన్ చేసి కణితులు తెప్పించి, ఆఫ్ చేస్తే ఏమవుతుందో చూసింది. కణితులు చేతికి తగలనంతగా కరిగాయి. కొంతకాలానికి చాలావాటిలో న్యూ లేకుండానే తిరిగి వచ్చాయి. చికిత్స తర్వాత ఏళ్లకు జబ్బు తిరగబెట్టడం మనుషుల ప్రాణాలు తీసే విషయం, ఆ నిద్రాణ దశలోని కణాలను చేతికిచ్చే మోడళ్లు చాలా తక్కువ, అందుకే ఈ ఎలుకలంటే నాకు గౌరవం. మిక్ జన్యువుతో చేసినప్పుడు కొన్ని కణితులు ఆఫ్ చేసినా కరగలేదు, వాటిలో రాస్ మ్యుటేషన్లు దొరికాయి.

చిన్న చిన్న పనులు ప్రాణం తీస్తాయి ఇక్కడ. డాక్సీసైక్లిన్ చేదు, ఎలుక నీళ్లు తక్కువ తాగుతుంది. వెలుతురు తగిలితే పాడవుతుంది, సీసాకు వెలుగు తగలకుండా చూడాలి. అది యాంటీబయోటిక్, పేగుల్లో బ్యాక్టీరియాను మార్చేస్తుంది. కాబట్టి ట్రాన్స్‌జీన్ లేని కంట్రోల్ ఎలుకకు కూడా అదే నీళ్లు ఇవ్వాలి. ఇవ్వకుండా చేసిన నిరోధక వ్యవస్థ డేటాను నేనైతే నమ్మను.

## ఈఆర్ పాజిటివ్ కావాలంటే

నిజం చెప్పాలి, మంచి సమాధానం లేదు. రోగుల్లో అత్యధికులది ఇదే రకం, మన ఎలుకల్లో అతి తక్కువగా ఉన్నదీ ఇదే. స్టాట్1 పోయిన ఆడ ఎలుకల్లో ఈఆర్, పీఆర్ (ప్రొజెస్టెరాన్ రిసెప్టర్) రెండూ ఉన్న కణితులు వస్తాయి, అండాశయాలు తీసేస్తే తగ్గుతాయి, అంటే హార్మోన్ మీద నిజంగా ఆధారపడ్డవే. కానీ ఏడాదిన్నర దాటి ఎదురుచూడాలి, పైగా స్టాట్1 ఇంటర్‌ఫెరాన్ దారికి ప్రాణం లాంటిది కాబట్టి నిరోధక వ్యవస్థ ప్రశ్నలు ఇక్కడ అడగలేం. ఆ కణితుల నుంచి తీసిన కణాల లైన్లు ఉన్నాయి, వాటిని నాటుకుంటే సమయం కలిసొస్తుంది. పాలగ్రంథిలో ప్రొలాక్టిన్ పెంచిన ఎలుకల్లోనూ ఈఆర్ పాజిటివ్ కణితులు వస్తాయి, అవీ నెమ్మదే. పీఐకే3సీఏ హెచ్1047ఆర్ మ్యుటేషన్ పెట్టిన ఎలుకలు ఇంకో దారి. మనుషుల ఈఆర్ పాజిటివ్ కణితుల్లో దాదాపు 40 శాతంలో ఆ జన్యువు మారి ఉంటుంది కాబట్టి అర్థవంతమైన మార్పే, కాకపోతే ఏ కణంలో ఆన్ చేశారన్న దాన్ని బట్టి కణితి రకం మారిపోతుంది, ఒకే కణితిలో కలగాపులగంగా కూడా ఉంటుంది.

ఈస్ట్రోజెన్ రిసెప్టర్ మందులైన టామాక్సిఫెన్‌కో, ఫుల్వెస్ట్రాంట్‌కో నిరోధకత మీ ప్రశ్న అయితే రోగి కణితి నాటిన పీడీఎక్స్ ఎలుకల వైపు వెళ్లమనే చెబుతాను. అక్కడ నిరోధక వ్యవస్థ ఉండదు, ఈస్ట్రోజెన్ గుళిక పెట్టాల్సి వస్తుంది, దానివల్ల ఎలుకలకు మూత్రం బిగుసుకుపోయే బాధలు వస్తాయి, మోతాదు తగ్గించి రోజూ చూసుకోవాలి. అయినా కనీసం అది మనిషి ఈఆర్, మనిషి కణం.

ఇంకో మాట. మీరు వాడే క్రీ టామాక్సిఫెన్‌తో ఆన్ అయ్యే రకం అయితే, అది ఈస్ట్రోజెన్ రిసెప్టర్ మందు కూడా అని మరిచిపోకండి. హార్మోన్ ప్రశ్నలకు ఆ క్రీ వాడితే ప్రయోగం మొదటి రోజే చెడుతుంది.

## అసలు జన్యుమార్పిడి ఎలుక అవసరమా?

ఎలుక రొమ్ము కణితి నుంచి తీసిన 4టీ1 కణాలను బాల్బ్-సీ స్ట్రెయిన్ ఎలుక పాలగ్రంథిలో ఎక్కిస్తే కొన్ని వారాల్లోనే ఊపిరితిత్తులకు, కాలేయానికి, ఎముకకు పాకుతుంది. ఆ కణాలు 6-థయోగ్వానిన్‌ను తట్టుకుంటాయి కాబట్టి ఊపిరితిత్తిని కణాలుగా విడదీసి ఆ మందులో పెంచితే పాకిన క్యాన్సర్ కణాల లెక్క నేరుగా వస్తుంది. ఏడాదిలో తేల్చాల్సిన మందు పరీక్షకు ఇది చాలు. కణితి మొదలవడం, నెమ్మదిగా మారడం ఇక్కడ చూడలేం, తెల్ల రక్తకణాలు విపరీతంగా పెరగడం వల్ల నిరోధక వ్యవస్థ బొమ్మ వంకరపోతుంది కూడా.

మధ్యేమార్గం ఇంకోటి ఉంది: చనుమొన గుండా నాళంలోకి నేరుగా వైరస్ ఎక్కించడం. క్రీనో, జన్యువును కత్తిరించే క్రిస్పర్ సరంజామానో మోసుకెళ్లే వైరస్‌తో ఎదిగిన ఎలుకలో, ఒకే గ్రంథిలో, అనుకున్న రోజున జన్యువు మార్చొచ్చు. లోబ్యులర్ రకం (పాల తిత్తుల్లో మొదలయ్యేది) మీద ఈ దారిలో మంచి పని జరిగింది. పాలగ్రంథిలో కణాలను అతికించి ఉంచే ఈ-క్యాడరిన్ ఒక్కటి పోతే కణితి రాదు, కణితిని అడ్డుకునే పీటెన్ కూడా పోతే వస్తుంది. పీటెన్‌ను క్రిస్పర్‌తో తీయడం వల్ల కొత్త లైన్ కట్టే ఏళ్లూ, పనికిరాని పిల్లలూ రెండూ తప్పాయి. ఎక్కించడం నేర్చుకోవడానికి చేయి తిరగాలి, అంతే.

## ఎవరికి ఏది

రెండేళ్లలో థీసిస్ ముగించాల్సిన విద్యార్థి అయితే పీవైఎంటీ కణితిని అదే స్ట్రెయిన్‌కు నాటుకోండి, లేదా 4టీ1. కొత్త జన్యువును కలిపే పెంపకం పెట్టుకోవద్దు, గైడ్ ఎంత ఉత్సాహంగా ఉన్నా సరే. పైన వేసిన 320 పిల్లల లెక్క ఆయన ముందు పెట్టండి.

అయిదేళ్లు ఉన్నవాళ్లు, నిరోధకత మీద పనిచేస్తుంటే బ్రాకా-1, పీ53 ఎలుకలు. ఇప్పటికే వాటిని పెంచుతున్న ల్యాబ్‌తో చేయి కలిపి కణితి ముక్కలు గడ్డకట్టించి తెచ్చుకుంటే ఏడాదిన్నర మిగులుతుంది, అలాగే మొదలుపెట్టండి.

ఇమ్యునోథెరపీ అనేవాళ్లు కొంచెం ఆగాలి. ఈ ఎలుకల కణితుల్లో మ్యుటేషన్ల సంఖ్య మనుషుల కణితులతో పోలిస్తే తక్కువ, టీ కణాలు గుర్తుపట్టడానికి కొత్త ప్రొటీన్లు పెద్దగా ఉండవు. చెక్‌పాయింట్ మందు (టీ కణాల బ్రేకు విప్పేది) ఒక్కటే ఇచ్చి పనిచేయలేదని రాస్తే అది మందు గురించి చెప్పినట్టు కాదు, ఎలుక గురించి చెప్పినట్టు. మాక్రోఫేజ్‌లు, న్యూట్రోఫిల్‌లు, ఫైబ్రోబ్లాస్ట్‌ల మీద ప్రశ్నలైతే పీవైఎంటీ చక్కగా సరిపోతుంది.

ఎముకకు పాకడం మీద పనిచేసేవాళ్లకు ఈ లైన్లలో దాదాపు ఏదీ పనికిరాదు. ఎలుకల్లో రక్తం గుండా ఊపిరితిత్తులకే ఎక్కువగా వెళ్తుంది, మనుషుల్లో ఎముక, కాలేయం, మెదడు కూడా ముఖ్యమైనవే. 4టీ1 గానీ, ఎముకకు వెళ్లేలా ఏరి పెంచిన కణాలు గానీ చూడండి.

## ఎలుకలు ఇచ్చేవాళ్లను అడగాల్సినవి

ఎంఎంటీవీ-క్రీ అని రాసి ఉంటే సరిపోదు, ఏ లైన్ అని అడగండి. ఒకే పేరుతో చాలా లైన్లు ఉన్నాయి, వాటిలో ఒకదాని తల్లులు క్రీ ఉండటం వల్లే సరిగ్గా పాలివ్వలేవు. అందుకే క్రీ మాత్రమే ఉన్న కంట్రోల్ గుంపు తప్పనిసరి. ఏ స్ట్రెయిన్‌లో ఎన్ని తరాలు బ్యాక్‌క్రాస్ చేశారు (అదే స్ట్రెయిన్‌తో మళ్లీ మళ్లీ కలపడం), వాళ్ల దగ్గర కణితులు ఎన్ని వారాలకు వస్తున్నాయి, ఈ మధ్య ఆ సమయం ఏమైనా మారిందా అని కూడా అడగండి. తరాలు గడిచేకొద్దీ ట్రాన్స్‌జీన్ మందగించడం, కణితులు ఆలస్యం కావడం జరుగుతుంది. వచ్చిన వెంటనే మంచి మగవాటి వీర్యం గడ్డకట్టించి దాచుకోండి, మూడేళ్ల తర్వాత కాలనీ దారి తప్పితే వెనక్కి వెళ్లడానికి అదే దారి.

మొదటి కణితుల స్లైడ్లను ఎలుక పాలగ్రంథి తెలిసిన పాథాలజిస్టుకు చూపించండి. మనుషుల స్లైడ్లు మాత్రమే చూసిన వాళ్లకు ఇవి కొత్తగా ఉంటాయి, వీటికి పేర్లు ఎలా పెట్టాలో 2000లో ప్రచురించిన అన్నాపొలిస్ సమావేశ నివేదికలో ఉంది. ఊపిరితిత్తుల నుంచి ఒకే కోత చూసి లెక్క ముగించకండి, లోతు మార్చి కొన్ని కోతలు తీయించండి. కణితి ఎంత పెరిగితే ఎలుకను ఆపాలో ప్రయోగం మొదలుకాకముందే రాసి బోను తలుపుకు అంటించండి. శనివారం సాయంత్రం బోనులు చూసేది మీరు కాకపోవచ్చు. ఆ రోజు డ్యూటీలో ఉన్న మనిషికి కొలత, మీ ఫోన్ నంబరు రెండూ కళ్లముందు ఉండాలి.